వరప్రసాదం చెవుల మీద విచారణ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, ఉదయగిరి తాలూకా మాజీ సైనికుల సంక్షేమ సంఘం కన్వీనరు శ్రీ మాలకొండయ్య గారు ఉదయగిరి బస్టాండు దగ్గర బల్ల ఎక్కి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఈ తాలూకాలో పెన్షను రాని సైనికుడు ఒక్కడుండాడంటే నా కండువా తీసేస్తా!"

అప్పటికి పెన్షను వచ్చినవాడు ఒక్కడూ లేడు. అయినా ఆయన మీది గౌరవం కొద్దీ కండువా సంగతి ఎవరూ ఎత్తలేదు. మాలకొండయ్య గారు ఏనాడూ సైన్యంలో చేరినవారు కాదు. ఆ లోటు సంఘాన్ని నడపడానికి అడ్డం రాకుండా చూసుకోవడంలోనే ఆయన సమర్థత అంతా ఉంది.

జనంలో నిలబడి విన్న హన్నమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఆమె మొగుడు వరప్రసాదం బర్మా యుద్ధంలో పెద్ద ఫిరంగి పక్కన పనిచేశాడు. ఫిరంగి బాగానే పేలింది, ఇతని చెవులే పోయాయి. దుత్తలూరు పక్క పల్లెకు తిరిగొచ్చి జొన్నచేను కావలికి కుదిరితే, పిట్టలు వాలి అరుస్తున్నా తెలియడం లేదని రైతు మాన్పించాడు. ఇక ఆ ఇంటికి పెన్షను తప్ప దిక్కు లేదు. చెవుడు సైన్యంలోనే వచ్చిందని రుజువైతే పెన్షను, కాకపోతే లేదు.

మాలకొండయ్య గారు కేసు చేపట్టారు. విచారణకు వెంకటరమణయ్య గారనే ఆఫీసరు పల్లెకు వస్తున్నాడని తెలియగానే ముందురోజే వచ్చి జనాన్ని పోగుచేశారు.

"ఆఫీసరు ముందర వరప్రసాదంతో మెల్లగా మాట్లాడబాకండి. గట్టిగా అరవాల. చెవుడని ఆయనకు తెలియాల గదా!"

పల్లె పెద్ద శీనయ్య రాత్రంతా దీని మీద ఆలోచించాడు. ఒకడితో అరిచి ఇంకొకడితో మెల్లగా మాట్లాడితే ఆఫీసరుకు అనుమానం రాదా? అందుకని అందరూ అందరితోనూ అరవాలని తెల్లవారేసరికి తీర్మానం చేశాడు. పాపం, వరప్రసాదం మీద ఆ పల్లెకు అంత అభిమానం.

ఆఫీసరు జీపు దిగీదిగగానే శీనయ్య ఆయన మొహంలో మొహం పెట్టి, "దణ్ణాలు దొరా!" అని గావుకేక పెట్టాడు. ఆఫీసరు మళ్ళీ జీపెక్కబోయాడు.

"మజ్జిగ తాగతారా!" దేవకమ్మ చెంబు పట్టుకుని అరిచింది.

"ఎందుకమ్మా అట్లా అరుస్తావు?"

"మేమెప్పుడూ ఇంతే దొరా!" అని పల్లె మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"అయ్యా, ఈ పల్లెలో చెవుడు ఆయనొక్కడికే," అని హన్నమ్మ మెల్లగా చెప్పబోయింది. ఆ గోలలో ఆమె మాట ఎవరికి వినపడుతుంది?

నెల తిరగకుండా నివేదిక వచ్చింది. ఈ పల్లెలో ఆబాలగోపాలానికీ చెవుడే. నీళ్ళలోనే దోషమున్నట్టు తోస్తుంది. కనుక వరప్రసాదం చెవుడుకు బర్మాతో గానీ ఫిరంగితో గానీ సంబంధం లేదు.

మాలకొండయ్య గారు ఇంత దానికి కుంగిపోయే మనిషి కాదు. నీళ్ళ దోషాన్ని ప్రభుత్వం చేత ఒప్పించిన ఘనత సంఘానిదేనని పత్రికకు చెప్పి, ఆ చేత్తోనే పెన్షనుకు అప్పీలు పడేశారు.

అప్పీళ్ళు వినే పెద్ద ఆఫీసరు రాజమోహన్ గారు ఆత్మకూరు ట్రావెలర్స్ బంగళాలో క్యాంపు పెట్టారు. ఆడవాళ్ళు గేటు బయటే ఉండాలన్నాడు బంట్రోతు. వరప్రసాదం ఒక్కడే లోపల ముందు బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నాడు. మాలకొండయ్య గారు వరండాలో విలేకరికి చెవుడు బాధలు వివరిస్తున్నారు. బంట్రోతు రూలు ప్రకారం గుమ్మంలో నిలబడి ముమ్మారు పేరు పిలిచాడు. మూడో పిలుపు గేటు బయట హన్నమ్మకు వినపడింది. ఆమె పరుగున లోపలికి వచ్చేసరికి వరప్రసాదం గైర్హాజరని రాయడం, అప్పీలు కొట్టేయడం కూడా అయిపోయాయి.

"ఎదురుగానే కూర్చోనుండాడు గదయ్యా!" అంది హన్నమ్మ.

"కూర్చోవచ్చు. పిలిస్తే పలకనివాడు రూలు ప్రకారం ఉన్నట్టు కాదమ్మా," అన్నారు రాజమోహన్ గారు. అయినా దయగల మనిషి కాబట్టి ఇంకొక వాయిదా ఇచ్చారు.

మాలకొండయ్య గారికి కిటుకు దొరికిపోయింది. "ఈసారి పిలవంగానే పలకాల! పలికినాడంటే గెలిచినట్టే!"

బంట్రోతును బతిమాలుకుని ఈసారి హన్నమ్మ మొగుడి పక్కనే కూర్చుంది. మొదటి పిలుపుకే అతని తొడ గిచ్చింది. వరప్రసాదం దిగ్గున లేచి, మడమలు టక్కున కలిపి, బల్ల మీది కాగితాలు ఎగిరేలా "హాజర్ సార్!" అన్నాడు.

రాజమోహన్ గారి మొహం వికసించింది. "భేష్! ఎంత బాగా వినపడుతున్నదయ్యా నీకు!"

"వినపళ్ళేదయ్యా! నేను గిచ్చినాను!"

"గిచ్చుడు సంగతి రికార్డులో రాదమ్మా. మేము పిలిచాము, అతను పలికాడు. చెవుడు లేదు."

"నీళ్ళ దోషమని మీవోళ్ళే రాసినారు గదయ్యా?"

"అయితే అది కూడా నయమైనట్టే."

వరండాలో మాలకొండయ్య గారు విలేకరికి అప్పుడే చెబుతున్నారు, సంఘం కృషి వల్ల ఒక మాజీ సైనికుడికి వినికిడి తిరిగి వచ్చిందని.

దొర నవ్వుతూ సంతకం పెట్టడం వరప్రసాదం చూశాడు. నిండుగా సెల్యూట్ కొట్టాడు. హన్నమ్మ వైపు తిరిగి, మెల్లగానే అడుగుతున్నాననుకుని అడిగాడు.

"ఇచ్చినారా హన్నమ్మా?"

ఆ మాట బంగళా అంతా ఖంగుమంది. దొరకూ వినపడింది, బంట్రోతుకూ వినపడింది, వరండాలో మాలకొండయ్య గారికీ వినపడింది. ఒక్కరూ పలకలేదు.