అడిగి తెచ్చుకున్న డిమోషన్

ఆ పొద్దు ఇంద్రేశం మీద మబ్బు కమ్ముకుంది గానీ కురిసే ఉద్దేశం ఉన్నట్టు లేదు. దశరథ్‌కు ఆ రోజు డ్యూటీ లేదు. వాకిట్లో చాయ తాగుతూ లోలోపల సంబరపడుతున్నాడు. రేపటి నుంచి మళ్ళీ లేత్ మిషన్ మీద పని. సూపర్‌వైజర్ అయిన నాటి నుంచి, అన్నం తినే చోటికి అతడు వస్తే చాలు దోస్తులు మాటలు ఆపేస్తున్నారు. అది తట్టుకోలేక, మేనేజర్ హరినాథ్‌ను బతిమాలి తానే డిమోషన్ అడిగి తెచ్చుకున్నాడు.

ఆ మాటే భార్య శివమ్మకు చెప్పాడు.

"డిమోషన్ అంటే ఏందయ్యా?"

"కిందికి దింపుడు."

ఆమె పోయి పక్కింటి వీర్రాజును అడిగింది. ఆయన కోస్తా నుంచి వచ్చి, పెద్ద ప్లాంటులో చేసి రిటైరైన మనిషి.

"తప్పు చేసినవాళ్ళకి ఇస్తారమ్మా అది. అడిగి తెచ్చుకున్నవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు."

శివమ్మ వచ్చి గడపలో కూలబడింది.

"నేనే అడిగిన్నే!" అన్నాడు దశరథ్.

"గది ఎవరన్న అడుగుతరా? ఏం జేసినవో చెప్పు!"

ఆ పూట పొయ్యి వెలగలేదు. పొయ్యి వెలగని ఇంటికి అక్కడ అర్థం ఒక్కటే, చావు. చావు జరిగిన ఇంటికి చుట్టాలే వండుకొచ్చి పెట్టాలి. కబురు చుట్టాల దాకా పాకింది. మధ్యాహ్నానికి దశరథ్ చెల్లెలు వనజ పోతిరెడ్డిపల్లి నుంచి పెద్ద గంజు గిన్నెడు అన్నం, పప్పుచారు పట్టుకుని ఏడుస్తూ ఆటో దిగింది. వెనకే పెదనాన్న మల్లన్న.

"ఎవరు పోయిండ్రు వదినా?"

"ఎవ్వరు పోలే. మీ అన్నకు డిమోషన్ అయింది."

"అయ్యో! ఏ దవాఖానల ఏసిండ్రు?" అన్నాడు మల్లన్న, దశరథ్ భుజం మీదే చెయ్యేసి.

వీర్రాజు నోటి నుంచి మాట వీధిలో పడింది. ఫస్ట్ షిఫ్టు దిగిన దోస్తులు యూనిఫాంలోనే వచ్చి వాకిలి నిండా నిలబడ్డారు.

"ఏం రా, మళ్ళ మా తాన్నే పడ్డవా?" అన్నాడు సునీల్‌కుమార్.

"అవ్ రా! ఇగ రేపటి సంది మీతోనే తింట."

"తింటవ్ గని, నా కూర మీద చెయ్యేస్తే ఊకోను బిడ్డా!"

అందరూ గొల్లుమన్నారు. దశరథ్ అంతగా నవ్వి చాలా కాలమైంది.

దశరథ్ ఇంటి ముందు వర్కర్లు జమయ్యారని ఎవరో హరినాథ్‌కు ఫోన్ చేశారు. సమ్మె అనుకుని ఆయన కారులో పరుగున వచ్చి, దిగకముందే చేతులు జోడించాడు.

"గొడవలొద్దు బాబూ! డిమోషన్ క్యాన్సిల్. దశరథే మీ సూపర్‌వైజర్."

"సార్, నేనే అడిగిన గద!"

"నువ్వేం భయపడకు. నీకు అన్యాయం జరగనివ్వను," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

శివమ్మ కళ్ళు తుడుచుకుని ఇస్తార్లు వేసింది. అందరూ వరసగా కూర్చున్నారు. సునీల్‌కుమార్ కొంచెం పక్కకు జరిగి, "సార్, ముందు మీరు పెట్టుకోండ్రి," అన్నాడు.

ఆ తరువాత ఎవరూ నోరు విప్పలేదు. పప్పుచారులో ఉప్పు లేదు. సూపర్‌వైజర్ అడగలేదు గనుక ఎవరూ అడగలేదు.