చూసినవాడి సాక్ష్యం చెల్లదు

నీటి మీటర్ల మరమ్మతు కార్యాలయంలో సోమవారం పది నుంచి పదకొండు దాకా కొత్త సినిమాల మీద అభిప్రాయ ప్రకటన జరుగుతుంది. ఆ గంటసేపు మీటర్లు తిరిగినా ఆగినా కార్యాలయానికి సంబంధం లేదు.

అక్కడి మెకానిక్ ఒట్టి చాదస్తపు మనిషి. మూత విప్పి, పళ్లచక్రాలు కడిగి, నీళ్లు వదిలి చూస్తే తప్ప ఏ మీటరుకూ "బాగుంది" అని చీటీ రాయడు. సినిమాలు చూసే అలవాటు లేదు కాబట్టి ఇరవై రెండేళ్లుగా సోమవారం సభలో నోరు విప్పలేదు. అభిప్రాయం లేని మనిషికి టీ కూడా ఆఖర్నే, చల్లారాకే అందేది.

ఒక ఆదివారం భార్య పోరు పడలేక ఆయన సినిమాకు వెళ్లాడు. తెర మీద చూపు పోయిన ముసలి దర్జీ ఒకడు, తడుముకుంటూ మనవరాలి గౌనుకు గుండీ లోపలివైపు కుట్టేశాడు. ఆ పిల్ల అదే కొత్త ఫ్యాషనని చెప్పి బడికి వేసుకెళ్లింది. మెకానిక్‌కు ఏడుపాగలేదు. పక్కకు చూస్తే భార్యా ఏడుస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇద్దరూ ఒకే కారణానికి ఏడవడం అదే మొదలు.

మర్నాడు సూపర్‌వైజరుగారు తీర్పు వెలువరించారు. "సెకండాఫ్ సాగదీశాడయ్యా. దర్జీ పాత్ర అస్సలు పండలేదు."

"నాకు నచ్చిందండీ. ముఖ్యంగా ఆ గుండీ ఘట్టం," అన్నాడు మెకానిక్.

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"చూశావా ఏంటి?" అన్నాడు స్టోర్ కీపరు, జేబులు కొట్టినవాణ్ణి నిలదీసినట్టు.

"చూశానండీ. మీరు చూడలేదా?"

"నాకేం ఖర్మ? ఫోన్లో మూడు రివ్యూలు విన్నాను."

సూపర్‌వైజరుగారైతే ట్రైలరే చూశారు. అనుభవజ్ఞులకు ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఆయన లేచి నిలబడి సభకు న్యాయసూత్రం వివరించారు. "ఇతను టికెట్టు కొన్నాడు. ఆ కళ్లు చూస్తే ఏడ్చినట్టు కూడా ఉన్నాడు. అంటే సినిమాతో సంబంధం కలుపుకున్నాడు. సంబంధం ఉన్నవాడి మాట నిష్పాక్షికం ఎలా అవుతుంది? మనం చూడలేదు కాబట్టే మనకు పక్షపాతం లేదు!"

సభ చప్పట్లతో ఆమోదించింది. మెకానిక్ సాక్ష్యం కొట్టివేయబడింది. ఆనాటి నుంచి ఆయన పేరు 'గుండీ'. టీ అసలే రావడం మానేసింది. మూడు వారాలు ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు.

నాలుగో సోమవారం, ఆయన పోస్టరైనా చూడని ఒక సినిమా ప్రస్తావన వచ్చింది. మెకానిక్ కడుగుతున్న చక్రం మీంచి తల ఎత్తకుండానే, "ఫస్టాఫ్ పరవాలేదు. క్లైమాక్సే తేలిపోయింది," అన్నాడు.

సూపర్‌వైజరుగారు స్వయంగా టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చారు. "భలే పట్టావయ్యా! ఇంత పరిశీలన ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?" పొగలు కక్కుతున్న టీ తాగుతుంటే మెకానిక్‌కు గొంతు కాలింది, ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి ఆ మాట పక్క కార్యాలయానికి పాకింది. సాయంత్రానికి బస్టాపు చేరింది.

శనివారం భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ అంది: "ఏమండీ, ఆ కొత్త సినిమా వచ్చే శుక్రవారం విడుదలట. మొదటి ఆటకే వెళ్దామా?"

"ఎందుకే, క్లైమాక్స్ తేలిపోయిందట."

"ఇంకా రానేలేదు కదండీ! ఎవరన్నారు?"

"బస్టాపులో చెప్పుకుంటున్నారు. నా చెవులారా విన్నాను. చదువుకున్నవాళ్లలాగే ఉన్నారు."

"చదువుకున్నవాళ్లా? అయితే నిజమే అయ్యుంటుంది," అంటూ ఆవిడ ఫోను అందుకుంది. "ఉండండి, మా చెల్లెలికి కూడా చెప్పేస్తాను. పాపం, చూద్దామనుకుంటోంది."