విడిభాగాల మండలిలో కళ్ళజోళ్ళాయన

కంప్యూటర్‌ను స్వయంగా కూర్చుకోదలచిన ప్రతి పౌరుడూ ముందుగా గ్రహించవలసింది, దాన్ని కొనకూడదని. మిగతా నిబంధనలన్నీ దీని తర్వాతే.

ఈ సంగతి తెలియకుండానే మన కళ్ళజోళ్ళాయన రంగంలోకి దిగాడు. తన దుకాణంలో ఆయన మాటకు తిరుగులేదు. వచ్చినవాళ్ళు అద్దం ముందు ఫ్రేములు మార్చి మార్చి తల పట్టుకుంటుంటే, "మీ ముఖానికి ఇదే. ఇంకోటి చూడకండి" అని మిగతావన్నీ లోపల పెట్టేసేవాడు. అలాంటి మనిషి, కూతురికి కంప్యూటర్ తానే కూర్చి ఇస్తానని మాటిచ్చాడు. ఆ అమ్మాయి ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకుంది. ఒక సంస్థవాళ్ళు, ఇంటి నమూనా గీసి పంపితే ఉద్యోగం సంగతి చూస్తామన్నారు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరేమో రెండు గోడలదాకా ఓపిక పట్టి, కిటికీ పెట్టగానే కన్ను మూసేది.

ఇంటర్నెట్‌లో 'విడిభాగాల పొంతన సలహా మండలి' అని ఒకటుంది. (చేరడం ఉచితం. బయటపడటమే కష్టం.) ఫలానా ప్రాసెసర్, ఫలానా మదర్‌బోర్డు అనుకుంటున్నాను, సరిపోతాయా అని ఆయన వినయంగా అర్జీ పెట్టుకున్నాడు.

"సరిపోతాయి, కానీ సిగ్గుచేటు" అన్నాడు ప్రాసెసర్ల శాఖాధిపతి. దాని బదులు ఆ అధిపతి సూచించిన ప్రాసెసర్ వేడెక్కుతుంది కనుక శీతలీకరణ విభాగం పెద్ద కూలర్‌ను సిఫారసు చేసింది. అది పట్టాలంటే భాగాలన్నీ ఇమిడే పెట్టె, అంటే క్యాబినెట్, మారాలి. కొత్త క్యాబినెట్‌కు పక్కన అద్దం ఉంటుంది, లోపల వైర్లు కనిపిస్తాయి కనుక, వైర్ల క్రమశిక్షణ సంఘం జోక్యం చేసుకుంది. చివరికి ఫైలు 'ఆగన్న' అనే మారుపేరుతో చలామణీ అయ్యే అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తీర్పు చెప్పాడు: "ఇప్పుడు కొనకండి. వచ్చే నెల కొత్త మోడల్ వస్తోంది."

వచ్చే నెల వచ్చింది. కొత్త మోడలూ వచ్చింది. వస్తూ వస్తూ ఆ పై నెల రాబోయేదాని కబురు వెంట తెచ్చింది. (కొత్త మోడల్ రావడానికి ముందు నెలలో కొనుగోలు నిషిద్ధం. అలా కాని నెల ఏదైనా ఉందా అని తెలుసుకోవడానికి విడిగా అర్జీ పెట్టుకోవాలి.)

"నాన్నా, నమూనా పంపడానికి వారమే ఉంది. ఏదో ఒకటి కొనెయ్ నాన్నా" అంది కూతురు.

"ఏదో ఒకటా!" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "రేపు ఇంతకన్నా మంచిదొస్తే నీ ముఖం ఎలా చూడనమ్మా?"

"ఇప్పుడు మాత్రం చూస్తున్నావా? పొద్దస్తమానం ఆ స్క్రీనే కదా."

భార్య తలుపు దగ్గర నిలబడింది. "ఆ బొమ్మలో పెట్టెలోపల రంగురంగుల లైట్లెందుకండీ? వంటింట్లో బల్బు మాడిపోయి ఎన్నాళ్ళయింది?"

"బల్బు సంగతీ మండలిలో అడిగాను. అభిప్రాయాలు రావాలి."

వారం గడిచింది. ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. భోజనాల దగ్గర అమ్మాయి తల ఎత్తకపోవడం చూసి ఆయనకు మనసు కలుక్కుమంది. ఆ బాధలో, ఇకమీదట మరింత శ్రద్ధగా ఎంపిక చెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

ఆ శ్రద్ధను మండలి గుర్తించింది. ఒక్క స్క్రూ అయినా కొనకుండా ఇంతకాలం నిలబడ్డ సభ్యుడు ఇంకొకరు లేరని మెచ్చుకుని, ఆయనను సీనియర్ సలహాదారును చేసింది.

పదవి అందిన రోజే ఒక కొత్త సభ్యురాలి అర్జీ ఆయన ముందుకు వచ్చింది. పేరు లేదు. "ఇళ్ళ నమూనాలు గీస్తాను. ఇంకో చోట అవకాశం వచ్చేలా ఉంది. మా నాన్న ఇంకా భాగాలు ఎంచుతూనే ఉన్నారు. నేనే వెళ్ళి కొనేసుకోనా?"

పక్కగదిలో మంచం మీద కూర్చుని, కూతురు ఫోను చేత్తో పట్టుకుని జవాబు కోసం చూస్తోంది.

కళ్ళజోళ్ళాయన చాలాసేపు ఆలోచించి, ఎంతో ఆప్యాయంగా టైపు చేశాడు: "తొందరపడకమ్మా. అలాంటి నాన్న దొరకడం నీ అదృష్టం."