వందో దేశం, మూడు చాటింపులు

ఆదివారం పొద్దున వాచీల మెకానిక్ షాపు తీయలేదు. మేడ మీది గదిలో హెడ్‌ఫోన్ తగిలించుకుని రేడియో ముందు కూర్చున్నాడు. ఆ రోజు హామ్ రేడియో పోటీ. ఎక్కువ దేశాలతో మాట్లాడినవాళ్లది గెలుపు. ఆయనకు గెలుపు మీద ఆశ లేదు, ఒక్క కొత్త దేశం దొరికితే చాలు. పదకొండేళ్లుగా తొంభైతొమ్మిది దగ్గరే ఆగిపోయాడు పాపం.

ఈ పోటీకి ఒక మర్యాద ఉంది. ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో దొరుకుతారో ఇంటర్నెట్ బోర్డు మీద ఇతరులు రాయవచ్చు. మన డప్పు మనమే కొట్టుకుంటే మాత్రం ఆ రోజు సంపాదించినదంతా కొట్టేస్తారు.

గంటసేపు పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయాక సన్నగా ఒక జవాబు వచ్చింది. సముద్రం మధ్య ఎక్కడిదో చిన్న ద్వీపం. వందో దేశం! అవతలివాడు కూడా ఆన్‌లైన్ పుస్తకంలో ఈ సంభాషణ ఎక్కిస్తే ఖాయమైపోతుంది. మెకానిక్ కళ్లు చెమర్చాయి.

అంతలో బావమరిది టీ తెచ్చాడు. "నా చాటింపు పనిచేసినట్టుందే, బావా."

"ఏం చాటింపు?"

"నీ అవస్థ చూడలేక కింద కంప్యూటర్లోంచి బోర్డులో పెట్టా. బావ ఇక్కడున్నాడు, అందరూ రండి అని."

"నా పేరు మీదే?"

"మరి అక్కడ నాకు పేరెక్కడిది?"

"తీసెయ్‌రా."

"తీయడం కుదరదట. సర్దేస్తాలే ఉండు." కిందికి పరుగెత్తి, 'పైది బావ రాసింది కాదు' అని రాశాడు. అదీ బావ పేరు మీదే పడింది. కంగారుపడి, 'ఈ రెండూ బావ రాసినవి కావు, ఒట్టు' అని మూడోది తగిలించాడు.

ఫోన్ మోగింది. రేడియో క్లబ్బు అధ్యక్షుడు. నిబంధన దగ్గర సొంత తమ్ముణ్ని కూడా వదలని మనిషి. మెకానిక్ ముందే లొంగిపోయాడు.

"తప్పయిపోయింది సార్. నావన్నీ కొట్టేయండి. ఇందాక దొరికిన ద్వీపం, నా వందో దేశంతో సహా."

"అది తర్వాత. అరగంట నుంచి నా ఫ్రీక్వెన్సీ మీదకొచ్చి అరవైమంది మిమ్మల్ని అడుగుతున్నారేంటి?"

మెకానిక్ కిందికి దిగి బోర్డు చూశాడు. బావమరిది రాసిన ఫ్రీక్వెన్సీ తనది కాదు, అధ్యక్షుడిది. మేడ మీద అరలో ఊరికే వెలుగుతున్న పాత సెట్టు చూసి రాసుకొచ్చాడు మహానుభావుడు.

"అయితే సార్, చాటింపు చూసి నా దగ్గరికి ఎవరూ రాలేదా?"

"వస్తే నాకీ తిప్పలెందుకు? ఆ ద్వీపం వాడు మిమ్మల్ని తనంతట తానే విన్నాడు. జరిగింది జరిగినట్టు రాసి పంపండి, నేను సాక్షి సంతకం పెడతా. మీ వంద మీదే."

మెకానిక్ గుండె మీది బండ దిగిపోయింది. తిడదామని తిరిగినవాడు బావమరిదిని గట్టిగా వాటేసుకున్నాడు. సాయంత్రానికి ద్వీపం నుంచి ఆన్‌లైన్ పుస్తకంలో ధ్రువీకరణ కూడా పడింది.

దేశదేశాల నుంచి వచ్చిన ఆ అరవైమందితోనూ మర్యాదకు మాట్లాడి అందరికంటే ముందుకొచ్చేసిన అధ్యక్షుడు మాత్రం, ఆ చాటింపు లాభం తనకే చేరింది కాబట్టి నిబంధన ప్రకారం తన పేరు తానే కొట్టేసుకున్నాడు.