కుడి భుజానికి మినహాయింపు

మనిషి ఒంట్లోని కీళ్లన్నిటిలోనూ భుజం ఒక్కటే ప్రభుత్వ అనుమతి లేకుండా అన్ని దిక్కులకూ తిరుగుతుంది. ఇంతటి స్వేచ్ఛను ఒక జిల్లా ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటుంది? అందుకే సూర్యాపేటలో భుజ వ్యవహారాల ఉపసంఘం వెలిసింది. (మోకాళ్లకు వేరే సంఘం ఉంది. మెడ విషయం కోర్టులో ఉంది.)

పెన్‌పహాడ్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే సాంసన్ సారుకు ఇలాంటి ఉపసంఘం ఒకటి ఉందన్న సంగతే తెలియదు. బైబిల్లో సింహాన్ని వట్టి చేతులతో చీల్చినవాడి పేరని అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టారు గానీ, దసరా సెలవులు అయిపోయేసరికి ఆయన కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు చెయ్యి దూరాలి, ఆ వెనక మనిషి దూరాలి. తల దువ్వుకోవాలంటే తలే వంగి దువ్వెన దగ్గరికి రావాలి. నల్లబల్ల పైసగం పరాయి రాజ్యమైపోయింది. నొప్పి మొదలైననాటి తేదీ, దాని పక్కన ‘ఉపమాలంకారం’ అన్న మాట అక్కడే ఉండిపోయాయి. పిల్లల చేత తుడిపించవచ్చు. కానీ పిల్లల చేత ఏ పనీ చేయించరాదని సర్క్యులర్ ఉంది, సాంసన్ సర్క్యులర్లను చదివే మనిషి. పిల్లలూ క్రమశిక్షణ గలవాళ్లే కాబట్టి నెలల తరబడి నోటుపుస్తకాల్లో ఆ తేదీనే వేసుకున్నారు.

కోదాడలో పూర్ణిమ అనే ఫిజియోథెరపిస్టు ఉందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాడు. ఆమె చెయ్యిని అటూ ఇటూ తిప్పి చూసి, నొప్పి ఎక్కడ పట్టుకుంటుందో అడిగి, నింపాదిగా చెప్పింది.

“ఏం లేదు సార్, బస్సు తలుపులో చున్నీ ఇరుక్కున్నట్టు లోపల ఒక తాడు ఇరుక్కుంటోంది. గుంజితే చిరుగుతుంది. కత్తిరించాల్సిన పని లేదు. చుట్టూ ఉన్న కండరాలకు బలం వస్తే అదే సర్దుకుంటుంది. మూడు నెలలు ఓపిక పట్టండి. కాస్త నొప్పిగా ఉన్నా చేయండి, మరీ ఎక్కువైతే ఆ పూటకి తగ్గించండి.”

చెప్పింది చెప్పినట్టు చేయడం సాంసన్‌కు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, చెప్పినట్టు చేసే అక్కడిదాకా వచ్చాడు. కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టాడు. మోచేతికీ డొక్కకూ మధ్య తువ్వాలు చుట్టి పెట్టుకుని పట్టీని బయటికి లాగాడు. రెండు రెక్కలూ వెనక్కి కలిపి బిగబట్టాడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించాడు. పక్కింటి సాయమ్మ ఇదంతా చూసి, మొగుణ్ని కిటికీకి కట్టేసేంత గొడవ ఏమొచ్చిందని అరుణను చాటుగా అడిగింది.

అరుణ ఆయన భార్య. గోడ మీద వేళ్ల మరకలు రోజు రోజుకూ పైకి పోవడం చూస్తూ ఒకనాడు అననే అంది.

“ఉన్న బల్లులు సాలవా అయ్యా, నువ్వు గూడ పాకాల్నా?”

అంటూనే తువ్వాలు జారకుండా మోచెయ్యి పట్టుకుంది.

అంతా సవ్యంగా సాగుతున్న ఈ దశలో సాంసన్ ఒక పొరపాటు చేశాడు. నిజం రాశాడు. శనివారాలు కోదాడ వెళ్లడానికి ఒక గంట ముందుగా బడి వదలనివ్వాలని ఉపాధ్యాయుల యాప్‌లో దరఖాస్తు పెట్టుకుంటూ, కారణం అన్న చోట ‘భుజం నొప్పి’ అని నింపాడు. బళ్లో మిగతావాళ్లందరూ అక్కడ ‘సొంత పని’ అనే రాస్తారు, సొంత పనికి ఏ యంత్రమూ అడ్డు చెప్పదు. భుజం అన్న మాట పడగానే యాప్ మేల్కొంది. సాయంత్రానికి సందేశం వచ్చింది: ‘అభినందనలు. మీ కుడి భుజం శస్త్రచికిత్సకు ఎంపికైనది. ఏమియు తినకుండా మిర్యాలగూడ రాగలరు.’

సాంసన్ చెయ్యి అప్పటికి చెవి దాకా వస్తోంది. నయమవుతున్న భుజాన్ని కోయించుకుంటే నెలల తరబడి మెడకు జోలె, అవతల పదో తరగతి పిల్లలకు పరీక్షలు నెత్తి మీద. ఎంపికైన భుజం తప్పించుకోవాలంటే ఉపసంఘం మినహాయింపు ఇవ్వాలట. అక్కడ ఆ కాగితాలు చూసే గుమాస్తా జవహర్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు.

జవహర్ చెడ్డవాడు కాడు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు, కంప్యూటర్ తిప్పి చూపించాడు. చికిత్స కింద మూడు గడులున్నాయి: కోత, సూది, మరణం.

“వ్యాయామం అంటే యాడ ఎక్కియ్యాలె సార్? మా కాడ గా గడి లేదు. జర దగ్గరిదేదన్న సూస్త.”

దగ్గరిది అంటే ఆటలు. ఫైలు ఆటల విభాగానికి పోయింది. వారం తిరిగేసరికి, ఉద్యోగుల ఈటె విసురు పోటీలకు ఎంపికైనందుకు సాంసన్‌కు మరో అభినందన అందింది. దాన్ని రద్దు చేయించుకోవాలంటే చెయ్యి బాగాలేదని రుజువు కావాలి. మినహాయింపు దొరకాలంటే చెయ్యి బాగవుతోందని రుజువు కావాలి. సాంసన్ దేని రుజువులు దానికి, విడివిడి కవర్లలో పెట్టి సమర్పించాడు.

వ్యాయామం చేస్తున్నట్టు వీడియో పంపమన్నారు. పంపాడు. ‘నొప్పి స్పష్టంగా కనబడుట లేదు’ అని తిప్పి పంపారు. రెండోసారి అరుణ తీసింది. తీస్తూ తీస్తూ ఆమె నవ్వు ఆపుకోలేకపోవడంతో, ఉపసంఘం ఆ నవ్వును రోగి బంధువుల నిర్లక్ష్యంగా నమోదు చేసింది.

ఈలోగా ఉపసంఘం అనుమతి లేకుండానే భుజం బాగుపడింది. ఒకనాడు తరగతిలో సాంసన్ డస్టర్ తీసుకుని, ఊపిరి బిగబట్టి, చెయ్యి పైకి చాచాడు. పాత తేదీ పోయింది. ఉపమాలంకారం పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు ఏ తేదీ వేసుకోవాలని అడిగారు.

మరుసటి వారమే మినహాయింపుల సంగతి తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది. కోదాడ నుంచి చివ్వెంల దాకా ఉన్న భుజాలన్నీ బల్లల మీద వరసగా కూర్చున్నాయి. ఒకరు మిల్లులో బస్తాలు మోసినవారు, ఒకరు బస్సులో పైకమ్మి పట్టుకుని నిలబడ్డవారు, చాలామంది పత్తి ఏరినవారు. సాంసన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలుస్తారని, చెయ్యి ఎత్తి చూపించమంటారని, తాను చూపిస్తాడని, వాళ్లు చూస్తారని, కథ అంతటితో ముగుస్తుందని అనుకున్నాడు. ఆ ఎత్తడాన్ని పొద్దున్నే అద్దం ముందు సరిచూసుకుని కూడా వచ్చాడు.

భోజనం వేళ దగ్గర పడుతోంది. అధ్యక్షుల వారు అందరి సంగతీ ఒక్కసారే తేల్చేద్దామని మైకు అందుకున్నారు. మైకు గరగరమంది, బుసకొట్టింది, ఒక పొడుగాటి వాక్యాన్ని మింగేసి చివరి మాటలు మాత్రం బయటికి వదిలింది.

“…కుడి చెయ్యి పైకెత్తవలెను.”

హాలులో ఎవరి చెయ్యీ లేవలేదు. లేచే చేతులైతే వాళ్లు అక్కడికి ఎందుకొస్తారు? సాంసన్ చెయ్యి ఒక్కటే లేచింది. మోచెయ్యి వంగకుండా, చెవిని తాకుతూ, మొదటి బల్ల పిల్లవాడి చెయ్యిలా నిటారుగా లేచింది. అధ్యక్షుల వారు సంతోషించి, ఒక్కరైనా ముందుకొచ్చారని మెచ్చుకుని, భోజనానికి లేచారు.

మైకు మింగిన వాక్యం ఏమిటో జవహర్ చెప్పాకే తెలిసింది. ఆపరేషన్‌కు సమ్మతించేవారు కుడి చెయ్యి ఎత్తాలన్నారు. ఎత్తనివారందరికీ మినహాయింపు దొరికింది, వాళ్లు వ్యాయామం చేసుకోవచ్చు.

“నాది నయమైంది కాబట్టే ఎత్తిన జవహర్ గారూ,” అన్నాడు సాంసన్.

“నయమైనోళ్లు గీడికెందుకొస్తరు సార్?” జవహర్ నిజంగానే బాధపడ్డాడు. “గందరి ముందర మీరే ఎత్తిన్రాయె. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి.”

అని, తీర్మానం కాపీని రెండు చేతులతో మర్యాదగా అందించాడు. అందులో ఇలా ఉంది: ‘రోగి కుడి చెయ్యి పైకి లేవనందున శస్త్రచికిత్స చేయవలెను. ఇందుకు రోగి తన కుడి చెయ్యి పైకెత్తి సమ్మతి తెలిపినాడు.’