బ్యాడ్జీలు క్షేమంగా ఉన్నాయి

కార్మికుల ఆరోగ్యం బాగుండాలంటే, ఆ ఆరోగ్యాన్ని కొలిచే పరికరాన్ని కార్మికులకి వీలైనంత దూరంగా పెట్టాలి! నవ్వకండి. బాగా ఆలోచించి చెబుతున్న మాట ఇది. థర్మామీటరుని రోగి నోట్లో పెట్టబట్టే కదా లోకంలో ఇన్ని జ్వరాలు? అదే థర్మామీటరుని కిటికీలో పెట్టి చూడండి. ఇంటిల్లిపాదికీ ఒంట్లో బాగున్నట్టే!

ఈ సంగతి పెద్ద చదువులు చదివిన శాస్త్రజ్ఞులు కనిపెట్టలేదు. ఇనుప సామాన్ల జిడ్డు వదిలించే ఒక ఫ్యాక్టరీలో, ఒక మేనేజరు కనిపెట్టాడు. పాపం, ఆయనకి ఇంతవరకూ ఒక్క బిరుదైనా రాలేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

ఆ ఫ్యాక్టరీలో కడుగుడు గది అని ఒకటుంది. పంపుల్లోకీ మోటార్లలోకీ వెళ్లే ఇనుప ముక్కలు జిడ్డోడుతూ అక్కడికి వస్తాయి. గది మధ్యలో నడుమెత్తు తొట్టి. అందులో నీళ్లలా కనిపించే మందు. మూత తీయగానే మగ్గిన పండులాంటి తియ్యటి వాసన ముందు ముక్కుకి తగిలి, ఆ తర్వాత కణతలకెక్కుతుంది. మూత అంటే మాటవరసకి అన్నాను. అది విరిగి చాలా కాలమైంది.

జాలీ బుట్టలో ముక్కలు పోసి, తొట్టిలో ముంచి, ఇరవై సార్లు ఆడించి పైకి తీయాలి. పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్న మనిషిని అందరూ తొట్టి వదిన అంటారు.

తొట్టి వదినకి ఉన్నది ఒకటే కోరిక. ప్యాకింగులోకి మారాలి. జీతం అదే, గాలి వేరు. అక్కడ అట్టపెట్టెల వాసన తప్ప ఇంకేమీ ఉండదు.

రెండేళ్లుగా ఆమె వేళ్ల కొసలు ఆమెవి కానట్టు ఉంటున్నాయి. కూతురికి జడ వేసేటప్పుడు పాపిట ఎక్కడుందో వేలికి తెలియదు, కళ్లతో వెతుక్కోవాలి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవాలంటే అద్దం కావాలి. ఆ మధ్య పొయ్యి మీద గిన్నెని వట్టి చేత్తో దింపింది. చెయ్యి కాలుతోందని పక్కనున్న ఆడబిడ్డ చెబితే గానీ ఆమెకి తెలియలేదు. పని మానెయ్యమని ఆడబిడ్డ పోరు పెడుతూనే ఉంది. మానేస్తే ఇల్లు ఎవరు నడపాలో మాత్రం చెప్పదు, ఎందుకంటే ఆవిడకీ తెలియదు.

పని మారడానికి కంపెనీలో ఒక పద్ధతి ఉంది. పద్ధతి లేని కంపెనీ అని మాత్రం పగవాడు కూడా అనలేడు! కడుగుడు గదివాళ్లందరికీ తలా ఒక బ్యాడ్జీ ఇచ్చారు. కోటు గుండీకంటే కాస్త పెద్దది. దాన్ని మెడ దగ్గర గుచ్చుకుంటే, ఆ మనిషి చుట్టూ గాలిలో మందు ఎంతుందో పట్టుకుని దాచుకుంటుంది. నెలకోసారి పరీక్షకి పంపితే అంకె వస్తుంది. అంకె హద్దు దాటితే ఆ మనిషిని ఆ గదిలోంచి మార్చి తీరాలి.

మొదటి నెల ఆ బ్యాడ్జీలు మనుషుల ఒంటి మీదే ఉన్నాయి. వాటి అవస్థ ఏమని చెప్పను! తొట్టి మీదికి వంగినప్పుడల్లా చిందులు పడ్డాయి. ఒకటి రంగు పోయింది, ఒకటి మెత్తబడింది, ఒకటి ఏకంగా తొట్టిలోనే మునిగింది. ఇవి పరీక్షకి పనికిరావని తిప్పి పంపారు. ముప్పై రోజులకే బ్యాడ్జీలు అలా చిక్కిపోయేసరికి మేనేజరుకి కడుపు తరుక్కుపోయింది.

మీరూ నేనూ అయితే ఏం చేసేవాళ్లం? తొట్టికి మూత చేయించేవాళ్లం. అందుకే మనం మేనేజర్లం కాలేదు!

ఆయన తన ఏసీ గదిలో గోడకి ఒక బోర్డు వేయించాడు. దానికి నీలం రంగు మఖమల్ గుడ్డ, వరసగా మేకులు, ఒక్కో మేకు కింద ఒక్కో పేరు. బ్యాడ్జీలన్నీ అక్కడికి చేరాయి. పొద్దున్నే మనుషులు గుమ్మం దగ్గర వరసగా నిలబడి, ఎవరి బ్యాడ్జీ వాళ్ల మేకుకి ఉందో లేదో చూసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి తొట్టి దగ్గరికి పోవాలి. సంతకం గడి మీద "బ్యాడ్జీ క్షేమంగా ఉన్నది" అని అచ్చు వేయించారు.

ఫలితం ఊరికే పోతుందా? మరుసటి నెల నుంచి అందరికీ సున్నాలు! మూడేళ్ల పాటు సున్నా మీద సున్నా! ఇంతటి కమ్మని గాలి కొండల మీదైనా దొరుకుతుందా?

రెండేళ్లలో వదిన నాలుగు అర్జీలు పెట్టుకుంది. మేనేజరు కసురుకునే రకం కాదు. ప్రతిసారీ కుర్చీ చూపించి, ఫైలు తెరిచి, ఆమె సున్నాలు ఆమెకే ఓపిగ్గా చూపించేవాడు. కంపెనీ డాక్టరు అంతకన్నా నెమ్మదస్తుడు. ఆమె వేళ్లు మడిచి చూశాడు, విప్పి చూశాడు, చివరికి ఫైల్లో సున్నా చూశాడు. నరాల నీరసం, ఇంటి పని తగ్గించుకోవాలి అని రాసిచ్చాడు. అక్కడికి ఆవిడ పగలంతా ఫ్యాక్టరీలో విశ్రాంతి తీసుకుని, ఇంటికెళ్లి విషంలో చేతులు పెడుతున్నట్టు!

వదిన తప్పు కూడా కొంత ఉంది, దాచడం దేనికి? ఆమె ఆ సున్నాని నమ్మింది. అంత చదువుకున్నవాళ్లు అచ్చు వేసి ఇచ్చిన అంకె అబద్ధమాడుతుందా, తన వేళ్లే అబద్ధమాడుతున్నాయేమో అనుకుంది. బుట్టలందించే మరిది ఒకడున్నాడు. వరసకి మరిది కాడు, ఆమెకి వదిన అని పేరు పెట్టినవాడు. వాడు ఊరుకోడు.

"నీ బ్యాడ్జీ ఆరోగ్యం దివ్యంగా ఉంది వదినా. రోజూ ఏసీలో కూర్చుంటుంది, జిడ్డు ముట్టదు. దాన్ని చూసైనా బుద్ధి తెచ్చుకో" అనేవాడు.

ఇలా సుఖంగా సాగుతుండగా ఒక చిన్న అపశ్రుతి వచ్చింది. కడుగుడు గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటుండేది. ముసలిది, ఈలపాటగాడిలా రొద చేస్తుంది, అయినా ఆ గదికి ఉన్న ఊపిరి అదొక్కటే. దాని గొట్టం మేనేజరు గది గోడ పక్కనుంచే పోతుంది. ఫోనులో మాట్లాడుతుంటే, పిండిమరలోంచి మాట్లాడుతున్నారా అని అవతలివాళ్లు అడిగారట! ఆయన ఫ్యాను ఆపించి, గొట్టం మూతికి అట్ట కొట్టించాడు.

గాలి మొండిది. దానికి క్రమశిక్షణ లేదు, పై అధికారి అన్న భయం అసలే లేదు! ఆ దారి మూసేసరికి పైకప్పు సందుల్లోకి దూరి, సీలింగు అట్టల మీదుగా పాక్కుంటూ వెళ్లి, చల్లగా మేనేజరు నెత్తిన దిగింది.

ఆ నెల వదిన తెచ్చుకున్న అన్నం డబ్బా చాలా రోజులు తెరవకుండానే ఇంటికి తిరిగి వెళ్లింది. అయితే అది అంకె కాదు కాబట్టి ఎక్కడా రాయలేదు.

నెలాఖరుకి అంకెలొచ్చాయి. అందరివీ హద్దు దాటాయి! పైగా అందరిదీ ఒకటే అంకె. తొట్టి మీదికి వంగే వదినదీ అదే, తలుపు దగ్గరుండేవాళ్లదీ అదే. మరిది ఆ నెలంతా కాలు విరిగి ఇంట్లో మంచం మీద ఉన్నాడు, వాడిదీ అదే. వాడు ఫోను చేసి, మా మంచం కింద తొట్టి ఎవరు పెట్టారో కనుక్కోండి అన్నాడట.

వదిన మాత్రం నవ్వలేదు. హద్దు దాటిన అంకె పక్కన తన పేరు ఉండటం ఆమె మొదటిసారి చూసింది. ఆ సాయంత్రమే అయిదో అర్జీ రాసుకుని, మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్లింది.

ఆయన కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. అర్జీ చదివి మెల్లగా పక్కన పెట్టాడు.

"ఇది నీ అంకె కాదమ్మా. బ్యాడ్జీలు ఉన్నది ఈ గదిలో. నెల రోజులు ఈ గాలి పీల్చింది నేను."

వదిన ఆయన కణతల వైపు చూసింది.

"తల తిరుగుతోందా సార్?"

"వారం నుంచి."

"వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?"

ఆయన వేళ్లు ముడిచి చూసుకున్నాడు. "లేదనుకుంటా. ఏం?"

"ఏం లేదు సార్. ఇంటి పని కాస్త తగ్గించుకోండి."

నమస్కారం పెట్టి తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఈ అంకె మీదైతే, మూడేళ్ల సున్నాలూ మీవే కదా సార్. మరి నా అంకెలేవీ?"

ఆయన చెయ్యి చాచి ఫోను తీశాడు.

ఆ తర్వాత జరిగింది వింటే మీరు ఆనందంతో ఉక్కిరిబిక్కిరి అవుతారు! గంటలో మేస్త్రీ వచ్చాడు. సాయంత్రానికి మేనేజరు గది పైకప్పు సందులన్నీ మూశారు. మర్నాడు ఏసీకి కొత్త గొట్టం వచ్చింది. ఆ మర్నాడు ఆయనకి రక్తపరీక్ష, ఆ వెంటనే సెలవు. రసాయనాల బారి నుంచి మనిషిని కాపాడటం కష్టమని ఎవరండీ చెప్పింది? మూడు రోజుల పని! కడుగుడు గదిలో ఫ్యాను మాత్రం ఆగే ఉంది. తిప్పితే రొద చేస్తుంది కదా!

ఇక బ్యాడ్జీలు. పసివాటిని అలాంటి గాలిలో ఉంచగలమా? బోర్డుని గేటు దగ్గర వాచ్‌మన్ గదికి మార్చారు. పక్కన పూలకుండీలు కూడా పెట్టారు.

సోమవారం పొద్దున వదిన గేటు దగ్గర ఆగి, రిజిస్టరు ముట్టుకోకుండా తన మేకు మీది బ్యాడ్జీ తీసుకుంది. చిందులు పడకుండా పాత రెయిన్‌కోటు ముక్కతో బ్యాడ్జీకి చిన్న చూరు కుట్టించుకొచ్చింది. కుట్టింది ఆడబిడ్డ. సూది వదిన మాట వినడం మానేసి చాలా కాలమైంది. పిన్ను పెట్టుకుంటుంటే రెండుసార్లు వేలికే దిగింది. రక్తం బొట్టు కనిపించాక తుడుచుకుంది.

"బ్యాడ్జీని బయటికి తీసుకెళ్లకూడదమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"బయటికి కాదు బాబాయ్, లోపలికి."

ఎనిమిది గంటలు ఆ బ్యాడ్జీ తొట్టి మీద వంగింది. సాయంత్రం ఆమె దాన్ని తెచ్చి మళ్లీ మేకుకే తగిలించింది.

మర్నాడు, మేనేజరు సెలవు నుంచి తిరిగి రాగానే, ఆమెకి మెమో వచ్చింది. కంపెనీ ఆస్తి అయిన బ్యాడ్జీని అనుమతి లేకుండా కడుగుడు గదిలోకి తీసుకుపోయినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని. అదొక్కటే రాసి ఊరుకుంటే మేనేజరు మేనేజరు ఎందుకవుతాడు? కారణం కూడా రాశాడు: "ఆ గదిలోని గాలి తగిలిన బ్యాడ్జీ ఒక్క దినములోనే హద్దు దాటి చెడిపోవునని తెలిసియు నీవు ఇట్లు చేసితివి." కింద సంతకం, దాని పక్కన గుండ్రటి ముద్ర.

నేను పూర్తిగా కంపెనీ పక్షమే! ఒక్క రోజులో పాడయ్యే సుకుమారమైన వస్తువుని అలాంటి చోటికి తీసుకెళ్లడం దుర్మార్గం కాదూ? పదకొండేళ్లయినా పాడుకాని వస్తువులు అక్కడ బోలెడు ఉండగా!

వదిన మెమోని రెండుసార్లు చదివింది. చేతికర్రతో పనిలోకి తిరిగొచ్చిన మరిది చేత ఇంకోసారి చదివించుకుంది. వాడు చదివాడు, మొదటిసారిగా వాడికి జోకు తోచలేదు.

ఆమె సంజాయిషీ రాయలేదు. ఆరో అర్జీ రాసింది. నన్ను ప్యాకింగులోకి మార్చండి అని ఒకటే వాక్యం. కింద, వంకర పోయిన అక్షరాలతో:

"జత: కంపెనీవారి మెమో, ఒకటి. నకలు: ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారికి."