లెక్కల మాస్టారి గదిలో నవ్వులు

ఆ రోజు లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా తొడగాలి, సాయంత్రం నాలుగింటికి తన తరగతి గదినిండా పిల్లల్ని నింపాలి. మొదటి రెండూ తన చేతిలో పనులు. మూడోది పిల్లల చేతిలో పని. చిక్కంతా అక్కడే వచ్చింది.

బడిలో మేడమీద ఒక పెద్ద గది ఖాళీ అయింది. గోడకి రెండేసి కిటికీలు, ఎటు చూసినా వెలుతురు. దాన్ని లైబ్రరీకి ఇవ్వాలా, మాస్టారు పెడతానంటున్న గణిత వినోద కేంద్రానికి ఇవ్వాలా అన్నది హెడ్మిస్ట్రెస్ గారు ఆ సాయంత్రం తేలుస్తానన్నారు. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళు మీ తరగతి గదికి వస్తే మేడమీది గది మీదే" అన్నారు. వాళ్ళంతట వాళ్ళు! ఇన్నేళ్ళ ఉద్యోగంలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళు మాస్టారి గదిలోంచి పోవడమే గానీ రావడం లేదు. లెక్కలు చెప్పే మనిషిని లెక్కచేసేవాళ్ళే కరువు.

లైబ్రేరియన్ ముక్కూ మొహం తెలియనివాడైతే మాస్టారు ఎలాగో సరిపెట్టుకునేవారు. కానీ వాడు సొంత బావమరిది. దాంతో ఇంట్లో వాడి పొగడ్తలు, బళ్ళో వాడి పొగడ్తలు.

"ఏమండీ, తమ్ముడి కేరేజీ కూడా మీరే పట్టుకెళ్ళండి," అంది భార్య.

మాస్టారు రెండూ ఎత్తి చూశారు. "వాడిది బరువుగా ఉందేం?"

"రోజంతా పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ అలిసిపోతాడు, పాపం."

"నేను మాత్రం గోడలతో మాట్లాడుతున్నానా?"

"అది మీకే తెలియాలి. పిల్లలు మాత్రం మీ క్లాసులో గోడలకేసే చూస్తుంటారట."

కేరేజీ ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్తే మాస్టారి కడుపు రెండోసారి మండింది. ఇరుకు గది. చాపల మీద పిల్లలు, కిటికీ గట్టుమీద పిల్లలు, బల్లకింద కూడా ఇద్దరు. ఒక కుర్రాడు సగం చదివిన పుస్తకం తిరిగి ఇచ్చేస్తున్నాడు.

"నచ్చలేదు సార్."

"నచ్చకపోతే మానెయ్. ఎందుకు నచ్చలేదో మాత్రం చెప్పి వెళ్ళు," అన్నాడు బావమరిది.

ఆ కుర్రాడు కూర్చుని పావుగంట చెప్పాడు. మాస్టారి క్లాసులో వాడు ఏడాదిలో పలికిన మాట ఒక్కటే, "ప్రెజెంట్".

"చదివించమని జీతమిస్తే మానెయ్యమంటావేవోయ్?" అన్నారు మాస్టారు.

"మానెయ్యొచ్చని తెలిస్తేనే బావగారూ, మొదలెడతారు."

మాస్టారికి మండినచోటే మళ్ళీ మండింది. అప్పుడే ఆయన కళ్ళు ద్వారం పక్కనున్న బోర్డు మీద పడ్డాయి. బడి మొత్తానికి పిల్లలు ఎగబడి చదివే బోర్డు అదొక్కటే. మెట్లదగ్గర తాను అంటించిన ప్రకటనని రెండురోజులుగా చదువుతున్నది ఒక బల్లి మాత్రమే.

ఆ బోర్డు కథ ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే బావమరిది గొప్ప వినాల్సివస్తుందని భయం. అడిగి ఉంటే తెలిసేది. వారం వారం దానిమీద మూడు కాగితాలుంటాయి. రెండు నిజం, ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో పిల్లలు తేల్చాలి. ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, చెబితే వాళ్ళకేంటి లాభం? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుని, పుస్తకాలు తిరగేసి, మనుషుల్ని అడిగి తేల్చాలి. 

ఆ వారం కాగితాలు ఇవి: ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయి. శుక్రగ్రహం మీద రోజు అక్కడి ఏడాది కన్నా పొడుగు. బంగారు చేపకి మూడు క్షణాలకి మించి ఏదీ గుర్తుండదు.

బావమరిది లోపలికి వెళ్ళగానే మాస్టారు బంగారు చేప మీద తన కాగితం అంటించేశారు. "ఈరోజు 4 గంటలకు లెక్కల మాస్టారి గదిలో గణిత వినోదం. ఆటలు, పాటలు, నవ్వులు! హెడ్మిస్ట్రెస్ గారు విచ్చేస్తారు. అందరూ రండి!" పిలిచేది బడే అన్నట్టుంటుందని కింద సంతకం పెట్టలేదు. అంటే పాపం, ఆయన అబద్ధాన్ని కప్పేసి దాని స్థానంలో నిజాన్ని కూర్చోబెట్టారు. చేప పోయింది, గాలం మిగిలింది.

మధ్యాహ్నం పిల్లలు మూగారు. ఆక్టోపస్ గుండెలు పుస్తకంలో దొరికాయి. శుక్రగ్రహం లెక్క సరిపోయింది. ఇక మిగిలింది ఒక్కటి.

"నవ్వులా? లెక్కల మాస్టారి గదిలోనా?" అంది రెండు జడల పిల్ల. ఆ పిల్లకి బళ్ళో పేరు 'ప్రశ్నార్థకం'. "ఎవరు చెప్పారో సంతకం లేదు. సాక్షులు కావాలి."

పెద్ద క్లాసువాళ్ళని అడిగారు. "మాస్టారు నవ్వగా చూశారా?"

"ఒకసారి నోరు తెరిచారు. ఆవలింత అని తర్వాత తెలిసింది."

"సంబంధించిన మనిషినే అడగాలని లైబ్రరీ సార్ చెప్పారు కదా," అని ప్రశ్నార్థకం తన బలగంతో స్టాఫ్ రూమ్‌కి వెళ్ళింది. అక్కడ మాస్టారు తోటి టీచర్ల మధ్య సాయంత్రం చెప్పాల్సిన జోకు బట్టీపడుతున్నారు.

"మాస్టారూ, ఈరోజు మీ గదిలో నవ్వులుంటాయట, నిజమేనా?"

టీచర్లంతా ఫక్కున నవ్వారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇది బావమరిది పంపిన వేళాకోళం అని ఆయనకి క్షణంలో రూఢి అయిపోయింది. అసూయ ఉన్నవాడికి సాక్ష్యంతో పనేముంది?

"నా గదిలో నవ్వులేంటి! ఎవడు చెప్పాడు మీకు? నేను బతికుండగా జరగదు! పొండి!"

పిల్లలు సంతోషంగా పోయారు. ఇంతకన్నా గట్టి ఆధారం ఏ లైబ్రరీలో దొరుకుతుంది? కాగితం మీద ఎర్రరంగుతో 'అబద్ధం' అని రాసేశారు. 

ఆ మాట బడంతా పాకింది. మాస్టారి గదిలో బెంచీలు సర్దుతున్న బంట్రోతు విని, "ఉత్తుత్తిదా! చెప్పరేం!" అని గదికి తాళం వేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. గుమాస్తా విని, మాస్టారి సంగతి తెలియక, "మీ పేరు పెట్టి ఎవరో దొంగ ప్రకటన అంటించారండీ, అలాంటిదేం లేదని మాస్టారే అన్నారట" అని హెడ్మిస్ట్రెస్ గారి చెవిన వేశాడు.

నాలుగింటికి మాస్టారు సుద్దముక్కల పెట్టెతో వచ్చేసరికి గదికి తాళం, వరండాలో నిశ్శబ్దం. హోరంతా లైబ్రరీలో ఉంది. తాళంచెవి కోసం అటు వెళ్ళి, లోపల హెడ్మిస్ట్రెస్ గారి గొంతు విని బీరువా వెనక నక్కారు.

"నా పేరు వాడి అబద్ధం రాసిందెవరు?"

బావమరిది కాగితం చూశాడు. నాలుగంకెని తలకిందులు చేసిన కుర్చీలా వేసే మనిషి ఆ కుటుంబంలో ఒక్కరే ఉన్నారు. ఒక్క క్షణం అక్క మొహం గుర్తొచ్చింది.

"నేనేనండీ, మేడం."

"మీరా! పిల్లలకి నిజానిజాలు నేర్పేవారు మీరా? అయితే ఆ మేడమీద గది లెక్కల మాస్టారికే."

గది వచ్చేసింది! మాస్టారు బీరువా వెనకే గంతెయ్యబోయారు. కానీ సందులోంచి చూస్తే పిల్లలంతా బావమరిది చుట్టూ చేరారు. ఒక చిట్టిపిల్ల అతని చిటికెనవేలు పట్టుకుంది. ప్రశ్నార్థకం కళ్ళు తుడుచుకుంటోంది. రేపట్నుంచి ఇంట్లో "మా తమ్ముడు దేవుడండీ" అన్న పాట ఆజన్మాంతం వినాలి. గది తనకి, గొప్ప వాడికి! ఈ భాగహారం మాస్టారు భరించలేకపోయారు. భాగం తనకొచ్చినా హారం వాడి మెళ్ళో పడుతోంది.

"అబద్ధం!" అంటూ బయటికి దూకారు. "అది రాసింది నేను!"

"కాదు మేడం, నేనే," అన్నాడు బావమరిది. "బావా, ఊరుకో!" అని పళ్ళ మధ్య నుంచి గొణిగాడు.

"నువ్వే ఊరుకో! చేసింది నేను, పేరు నీకా?"

పిల్లలకి పండగైంది. ప్రశ్నార్థకం చెయ్యెత్తింది. "మేడం, ఒక్క నిమిషం. ఎవరు చెప్పారు? ఇద్దరూ. చెబితే లాభమేంటి? సార్ రాశారంటే సార్‌కి గది పోతుంది. మాస్టారు రాశారంటే మాస్టారికి పోతుంది. ఇద్దరికీ నష్టమే. మరి మాస్టారూ, మీకేంటి లాభం?"

ఇంత సూటిగా మాస్టార్ని ఎవరూ ప్రశ్న అడగలేదు. తడుముకోకుండా నిజం వచ్చేసింది.

"ఏంటా? వీడు మంచివాడైపోతాడు! అది నేను చూడలేను!"

 లైబ్రరీ కప్పు ఎగిరిపోయేలా నవ్వులు. హెడ్మిస్ట్రెస్ గారు నవ్వు ఆపుకోలేక పిల్లల పీట మీద కూలబడ్డారు. నవ్వుల మధ్య బల్లకింద నుంచి ఒక కుర్రాడు తల బయటపెట్టి, "మాస్టారూ, ఇద్దరు కాకుండా ముగ్గురు నేనంటే నేనంటే ఎలా కనుక్కోవాలి?" అన్నాడు.

"ముగ్గురైతే..." మాస్టారి చెయ్యి దానంతటదే సుద్దముక్క తీసింది. "ఒక్కడే నిజం చెప్పాడనుకో. అప్పుడు మొదటివాడి మాట..." గీతలు గీశారు, గడులు కట్టారు, అబద్ధాలకోరుల్ని ఒక్కొక్కణ్ణే కొట్టేశారు. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి చూశారు. ఇంటి గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

"గది లైబ్రరీకే," అన్నారు చివరికి హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఇకమీదట ఈ బోర్డుకి అబద్ధం రాసే పని మాస్టారిది. నిజాన్నే ఇంత అబద్ధంలా రాసినవారు, అసలు అబద్ధాన్ని ఇంకెంత బాగా రాస్తారో!"

మాస్టారు అబద్ధాల పని నిజాయితీగా చేశారు. 'పదిమందిలో తొమ్మిదిమంది మెచ్చిన పళ్ళపొడి' అని రాస్తే, ఆ పదిమందీ ఎవరని పిల్లలు వారమంతా వెంటపడ్డారు. అంకెలు కూడా మనుషుల్లాగే అబద్ధమాడతాయని తెలిశాక లెక్కలంటే వాళ్ళకి సరదా పుట్టింది.

నెల తిరక్కుండా బావమరిది అక్క దగ్గరికి వచ్చి, కుర్చీలో చతికిలబడ్డాడు.

"అక్కా, పిల్లలు గదిలో అడుగుపెట్టగానే 'మాస్టారేరి?' అంటున్నారు. లైబ్రేరియన్ని నేను కదే! నిన్న ప్రశ్నార్థకం నన్ను కొంచెం పక్కకి జరగమంది."

"ఊరుకోరా. బావ సంగతి నీకు తెలీదా? నాలుగురోజుల ముచ్చటే."

"ఏం నాలుగురోజులే! ఆయన ఆవలిస్తే కూడా నవ్వుతున్నారు!"

మంట ఆరలేదు, పొయ్యి మారిందంతే.